ఇసుక మూట సీటు

బ్రాంటన్ ఫెన్
1948 మే 8

ప్రియమైన నాన్నా,

మా విమానం షెడ్డు దాటి బయటికొచ్చింది! యుద్ధం అయ్యాక కుర్ర పైలట్లకు నేర్పడానికి వైమానిక దళం అడిగిన శిక్షణ విమానం. ఇప్పటికి తయారైంది ఇదొక్కటే. పక్కపక్కనే రెండు సీట్లు. శుక్రవారం మా పైలట్ హార్‌కోర్ట్ గారు మొదటిసారి ఎగరేస్తారు. బరువు సరిపోవడానికి రెండో సీట్లో ఇసుక మూట ఉండాలి. కానీ మా షెడ్డు ఆచారం ప్రకారం, రెక్కల అంచు పలకల్ని ఆడించే తీగలు కట్టినవాళ్లే మూట బదులు కూర్చోవాలి. అంటే నేనే! రంగు వేయడానికి విప్పిన రెక్కల్ని నిన్న మళ్లీ నేనే బిగించి తీగలు తగిలించాను. తిండి సయించడం లేదు.

నీ ఈనిడ్

విట్బీ
మే 10

ప్రియమైన బంగారూ,

వీధంతా చెప్పొచ్చాను. పాలవాడికైతే రెండుసార్లు. ఒక్క మాట. ఎక్కగానే విమానం నడిపే కర్ర ఎడమకు వంచి ఎడమ రెక్క చూడు. దాని అంచు పలక పైకి లేవాలి. ఎవర్నీ అడగకు, నువ్వే చూడు.

నాన్న

మే 11

ప్రియమైన చాదస్తపు నాన్నా,

విమానాల్ని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ కర్ర ఊపి, పలకలు హాయిగా ఆడుతున్నాయని సంతకం పెట్టేశాడు. ఇప్పుడు నేను మళ్లీ చూస్తే, "ఈనిడమ్మకి తన చేతిమీదే నమ్మకం లేదోయ్" అని అందరూ నవ్వరూ? ఆడపిల్లకి తీగలేంటని గొణిగేవాళ్లు ఉండనే ఉన్నారు. నువ్వూ ఈ పనే చేసి ఒక్కసారైనా ఎగరలేదు. నీ భయం నాకు అంటించకు.

ఈనిడ్

మే 12

ప్రియమైన ఈనిడ్,

నీకెప్పుడూ చెప్పలేదు. 1918లో నేను అటు తీగ ఇటు, ఇటు తీగ అటు తగిలించాను. పలకలు అప్పుడూ హాయిగానే ఆడాయి. మా దగ్గరా అదే ఆచారం. ఆ పొద్దున నాకు జ్వరమొస్తే నా సీట్లో ఇసుక మూట పెట్టారు. పైకి లేవగానే విమానం తిప్పినవైపు కాక ఎదురువైపు ఒరిగి కూలింది. పైలట్ ఆల్డస్ ఫెర్న్ చనిపోయాడు. ఇరవై రెండేళ్లు. ఆ తర్వాత ఆ పని ముట్టుకోలేదు.

నవ్వితే నవ్వనీ తల్లీ. చూడు.

నాన్న

మే 14, శుక్రవారం

ప్రియమైన నాన్నా,

నీ ఉత్తరం పొద్దున్నే టీతోపాటు వచ్చింది. చదివి పరిగెత్తాను. అందరూ చూస్తుండగా కర్ర ఎడమకు వంచాను. ఎడమ పలక కిందికి దిగింది!

ఎవరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టర్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. నేను ఏడుస్తూనే తీగలు విప్పి సరిగ్గా కట్టాను. హార్‌కోర్ట్ గారే టార్చిలైటు పట్టుకున్నారు. మళ్లీ వంచి చూశాం, ఒకటికి పదిసార్లు. మధ్యాహ్నం ఎగిరాం నాన్నా, ఎగిరాం! సముద్రం కూడా కనిపించింది. నేను అరిచిన అరుపులకు ఆయన చెవులు ఇంకా గింగురుమంటున్నాయట.

దిగాక నీ ఉత్తరం ఆయన చేతికిచ్చాను. చదివి, జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చారు. తర్వాత, "వచ్చే శుక్రవారం మళ్లీ ఎగరాలి. మీ నాన్నగారి బరువెంతమ్మా?" అన్నారు.

ఇసుక మూట అక్కర్లేదని చెప్పేశాను. గురువారం రైలుకి వచ్చెయ్.

నీ ఈనిడ్