రంగు మీదున్నప్పుడు పిలిస్తే

బాపూ,

ఈరోజు కాటారంలో నా మొదటి సినిమా షూటింగ్. కెమెరా తిరుగుతుండగా వెనక నుంచి ఎవరో "ఎల్లన్నా" అని పిలిచారు. నేను తిరిగి చూశాను. షాట్ పాడయింది.

ముఖానికి రంగు పడ్డాక సొంత పేరుకు పలకొద్దని నేర్పింది నువ్వే. "రంగు కడిగేదాక ఎల్లయ్య లేడు, రాజే ఉన్నడు" అనేవాడివి. నువ్వు తొర్రూరు దవాఖానలో ఉన్నప్పుడు, తరిగొప్పులలో వేసిన నాటకంలో ఆ మాటే పట్టుకున్నాను. కిరీటం పెట్టుకుని నిలబడి ఉంటే తెర వెనక నుంచి తమ్ముడు మూడుసార్లు పిలిచాడు. నేను పలకలేదు. ఆట అయిపోయాక రంగు కడుక్కుని దవాఖానకు వచ్చేసరికి నీ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు.

ఇవాళ పిలిచింది చాయ్ పోసే అక్క. "చాయ్ చల్లారుతాందని పిలిచిన సార్, ఎరుకలేక" అంటూ ఆమె బెదిరిపోయింది. డైరెక్టర్ ఆమె వైపు చూడనేలేదు. నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నాటకంల గిది సుత నేర్పలేదా నీకు? ఇంకోసారి తిరిగినవంటే ఈ వేషం వేరేటోనికి ఇస్త."

"మా బాపు మంచిగనే నేర్పిండు సార్" అన్నాను.

షాట్ రెండోసారి తీసినప్పుడు ఎవరూ పిలవలేదు. అయ్యాక డైరెక్టర్ భుజం తట్టి, కళ్లలో భయం మస్తు పలికిందన్నాడు, ఎట్ల చేసినవని అడిగాడు.

నేనేమీ చేయలేదు బాపూ. ఎవరైనా పిలుస్తారేమోనని వింటూ ఉన్నాను.