సర్ సన్మాన పత్రంలో ఒక వాక్యం

జూలై 4
సర్‌కు పురస్కారం. పేపర్లో ఫోటో — చెయ్యి గాల్లో, కళ్లు మూసుకుని. 'మన నగరం గర్వించే స్వరకర్త, బృందగాన కండక్టర్.' ఆయన బృందగానంలో రెండో భాగం వింటే కన్నీళ్లు ఆగవట.

రెండో భాగం నాది. మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా.

ఐదేళ్లుగా ఆయన నోటేషన్‌కు సాఫు కాపీలు రాస్తున్నాను. కిందటేడు మధ్య భాగం కుదరక ఆయన వదిలేస్తే నేను రాసి ఇచ్చాను. "చూద్దాం" అన్నారు. అచ్చయినప్పుడు పైన ఒక్కటే పేరు — ఆయనది.

 

జూలై 6
రిహార్సల్. రెండో భాగం ఏడు మాత్రల తాళం. మూడు, నాలుగుగా రాశాను. సర్ నాలుగు, మూడుగా చెయ్యి ఊపుతారు. ఏడాదిగా అంతే. పాడేవాళ్లు ఆ చేతిని వదిలేసి, పియానో వాయిస్తూ నేను ఊపే తల చూసి పాడుకుంటారు.

ఇవాళ పాటలో ఒక్క చరణం దగ్గర నేను తల ఊపలేదు. పాట కూలిపోయింది.

"ఏమైందమ్మా ఆల్టోలూ?" — సర్.

హాయిగా అనిపించింది. చర్చిలో కన్ఫెషన్‌లో చెప్పను.

బయటికి రాగానే ఆల్టోల్లో, అంటే ఆడవాళ్ల కింది స్థాయి గొంతుల్లో, పాడే ఫిలోమినా ఆంటీ పట్టుకుంది. "మీ గొడవకి మాకు సీవాట్లేటే? ఆ పాట నీదని నాకు తెల్దేటి? నా వంటింట్లో కూకునే కదా రాసినావు. నోరిప్పి అడుగు."
"మీరు అడగండి ఆంటీ."
"నానా? నాను పాడతాను. తగువులాడను."

జూలై 9
సర్ ఫోన్. పురస్కారం వచ్చినందుకు పదిహేనున సన్మానం; సన్మాన పత్రం నన్నే రాయమన్నారు. "నీ తెలుగు బావుంటుంది. నాకు చూపించకు తల్లీ. సన్మానం అందుకునేవాడు ముందే చదవకూడదు."

చూపించను.

జూలై 10
మొదటి చిత్తుప్రతిలో 'దొంగ' నాలుగుసార్లు. చించేశాను. రెండోది వట్టి ఏడుపు. అదీ చించేశాను.

తిడితే వేదిక మీద ఎవరూ చదవరు. పొగడాలి.

జూలై 11
దొరికింది.

'ఈ రచనలో రెండో భాగం తన శిష్యురాలు గ్రేస్‌దని ఈ వేదిక మీదే లోకానికి చెప్పాలని ఇన్నాళ్లూ ఆగిన ఉదారుడు.'

శాలువా భుజాల మీద ఉంటుంది. కాదనలేడు. ఔనంటే ఏడాదిగా దాచినట్టు ఒప్పుకోవడమే.

'కాదనలేరు' అనకుండా 'లేడు' అని రాశాను, ఆయన్ని. కొట్టెయ్యను.

జూలై 13
మద్దిలపాలెంలో ఫ్రేముల షాపు. పత్రం అచ్చయింది, ఫ్రేమ్ కట్టించాలి. సన్మాన సంఘం సెక్రటరీ గారు షాపుకే వచ్చేశారు. ఆ వాక్యం ఇక్కడే చదివేస్తారనుకున్నాను. పత్రం అందుకుని, సరాసరి అడుగున తన పేరు దగ్గరికి వెళ్లారు.

"సిన్నగా పడిపోనాదేటమ్మా? కాత్త పెద్దది సేయించు."

మళ్లీ అచ్చు వేయించాను. చాలా పెద్దగా.

జూలై 14
అన్నం దిగలేదు. నాన్న పోర్టు నుంచి వస్తూనే — "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?"
బాగుంది. ఇంత బాగా ఎప్పుడూ లేదు.

జూలై 15
హాలు నిండింది. ముందు వరసలో కూర్చున్నాను, ఆయన ముఖం కనిపించేలా. శాలువా కప్పారు. సెక్రటరీ గారు పత్రం చదివారు. నా వాక్యం దగ్గర తడబడి, మళ్లీ మొదటినుంచి చదివారు. అందరూ రెండుసార్లు విన్నారు.

సర్ ముఖం పాలిపోయింది. ఒక్క క్షణం. ఒక్కటే.

లేచారు. మైకు అందుకున్నారు. "ఔను... ఈ రోజు కోసమే దాచాను. రా తల్లీ."

వేదిక ఎక్కాను. తన శాలువా తీసి నాకు కప్పారు. హాలంతా లేచి నిలబడింది — ఆయన కోసం. ఫిలోమినా ఆంటీ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

చప్పట్ల మధ్య, నవ్వు చెదరకుండా, నా చెవిలో — "బాగా రాశావు."

నేనేమన్నాను? 'థాంక్యూ సర్.' కాన్వెంట్ సిస్టర్లు నేర్పిన నోరు.

జూలై 16
పేపర్లో 'శిష్యురాలికి పట్టం కట్టిన గురువు.' నా పేరు ఉంది. తప్పుల్లేవు. ఫోటోలో ఆయన ముఖం, నా వీపు.

ఆంటీ ఫోన్: "పేరొచ్చీసింది, శాలువొచ్చీసింది. ఇంకేటి కావాలే నీకు?"

ఆ పాలిపోయిన ముఖం. ఇంకాసేపు.

ఆంటీకి చెప్పలేదు.

మధ్యాహ్నం సర్ మెసేజ్ — 'కొత్త రచన మొదలుపెడదాం. ఈసారి ఇద్దరి పేర్లూ.'

చదివాను. చదివినట్టు ఆయనకు నీలం టిక్కులు కనిపిస్తూనే ఉంటాయి.

ఎదురు చూడనీ.