పొయ్యి వెలిగిన వీధి

మంగళవారం, రాత్రి

పొద్దున నాయన పోయాడు. చంద్రగిరి దాటాక వేసిన ఈ లేఅవుట్‌లో కట్టిన ఇల్లు మాదొక్కటే. మిగతావన్నీ ఎవరెవరో కొని వదిలేసిన ప్లాట్లు, హద్దురాళ్లు, ముళ్లకంపలు. వచ్చిన బంధువుల్లో పాడె మోయగలిగినవాళ్లు చాలక, రోడ్డు పనివాళ్లను తమ్ముడు బతిమాలుకున్నాడు. "మీ వీధోళ్లు యాడప్పా?" అని ఒకాయన అడిగాడు.

తిరుపతిలో పాతిల్లు అమ్మేటప్పుడు నాయన ఎంత మొత్తుకున్నాడో. "దీనిమీదే ఇంకో అంతస్తు ఏసుకుందాం, అంత దూరం వద్దు" అని. ఊరు ఇటే పెరుగుతుందన్నాం మేము. పెరిగింది రోడ్డొక్కటే.

ఆ పాతింటి వీధిలో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించరు. కబురు పంపే పనే ఉండదు, ఏడుపు వినగానే అందరూ వచ్చేస్తారు. అందుకేనేమో, బంధువులందరికీ ఫోన్ చేశాను గానీ ఆ వీధికి చెప్పాలని తట్టనే లేదు.

సాయంత్రం అక్కడి ఎదురింటి మస్తానమ్మ ఫోన్ చేసింది. ఎవరో చెప్పారట. తిడుతుందనుకున్నాను. వెక్కివెక్కి ఏడ్చింది.

"మాకు తెలీక పొద్దున్నే పొయ్యి ఎలిగించేసినామమ్మా. మీ నాయన ఆడ అట్ల పడుకోనుంటే, ఈడ మేము కడుపునిండా తినేసినాము."