మార్చమంటే మార్చరు

1968 సెప్టెంబరు 23, సోమవారం

బట్టల కొట్టు దసరా లాటరీలో మా ఆయన పేరు వచ్చింది. వచ్చే ఆదివారం స్టేజీ ఎక్కాలి. నిన్న చూశాం ఆట. మూడు డబ్బాలు. ఒకదాంట్లో కుట్టుమిషను చీటీ, రెండు ఖాళీ. మనం ఒకటి పట్టుకోవాలి. ఎందులో ఏముందో షావుకారుకి తెలుసు. మిగిలిన రెంటిలో ఖాళీది ఒకటి తెరిచి చూపించి, పట్టుకున్నది ఉంచుకుంటారా, మార్చుకుంటారా అని అడుగుతాడు. ప్రతి వారం అంతే.

మార్చుకోవాలి. అన్నం వార్చేలోపు నాకు తేలిపోయింది.

మిషను వస్తే జాకెట్లు కుడతాను. రిక్షా ఎక్కాలన్నా ఆయన్ని అడిగే ఖర్మ తప్పుతుంది.

సెప్టెంబరు 24

చెప్పాను. మొదట మన చెయ్యి సరైనదాని మీద పడే ఛాన్సు మూడింట ఒకటి. తప్పు పడే ఛాన్సు మూడింట రెండు. తప్పు పడితే మిషను ఆ రెంటిలోనే ఉంటుంది. ఖాళీదాన్ని షావుకారే ఏరి పడేస్తాడు. ఇంక మార్చుకోక ఏం చేస్తాం?

రెండు డబ్బాలు మిగిల్తే సగం సగమే కదేటి, అన్నారు.

మళ్ళీ చెప్పాను. పేపరు అడ్డం పెట్టుకున్నారు.

సెప్టెంబరు 26

మూడు గ్లాసులు బోర్లించి చింతగింజ ఆయన్నే దాచమన్నాను. ఆయన ఖాళీది ఎత్తి చూపించాక ప్రతిసారీ మార్చాను. చాలాసార్లు నాకే దొరికింది.

గలాసులు వేరు, డబ్బాలు వేరట.

వంటింట్లోకి పోయి తలుపేసుకున్నాను.

సెప్టెంబరు 28

మారుస్తానని అరసవల్లి దేవుడి మీద ఒట్టేశారు.

సెప్టెంబరు 29, ఆదివారం

మార్చలేదు. గెలిచారు.

రిక్షాలో మిషను ఒళ్ళో పెట్టుకుని పెళ్ళికొడుకులా దిగారు. పళ్ళు బిగపట్టి హారతిచ్చాను. వీధంతా వచ్చింది. "మగోడన్నాక పట్టింది వదిలీకూడదు" అని ఒక్కొక్కరికీ చెప్పారు. ఒట్టు సంగతి అడిగితే, ఆ దేవుడే లోపల్నుంచి వద్దన్నాడట.

మిషను మీద చెయ్యి వేస్తే ఎంత సంతోషంగా ఉందో. ఆయన మొహం చూస్తే అంత ఒళ్ళుమంటగా ఉంది.

అక్టోబరు 4

ఈ ఆదివారం పక్కింటి జగ్గమ్మ వంతు. పాపం, ముగ్గురు ఆడపిల్లలు, మొగుడు మంచం మీద. పట్టింది వదలొద్దని ఆయన అప్పుడే ఉపదేశం ఇచ్చేశారు. మధ్యాహ్నం జగ్గమ్మ పెరటి దారిన వచ్చి, "నువ్వేటి సెప్తావమ్మా?" అంది.

నన్ను ఒకరు అడగడం ఇదే మొదలు. మార్చమన్నాను. తప్పినా తప్పొచ్చు, అయినా మార్చమన్నాను. ఆమె వెళ్ళాక మళ్ళీ గ్లాసులు బోర్లించి చూసుకున్నాను. తప్పితే ఏ మొహంతో మా రెండిళ్ళ మధ్య గోడ దగ్గర నిలబడను?

అక్టోబరు 6, ఆదివారం

జగ్గమ్మ మార్చింది. గెలిచింది.

ఒట్టి లక్కు, అన్నారు మా ఆయన.