అప్పయ్య కుర్చీ ఎత్తు

అమ్మత్తి,
సెప్టెంబరు 13, శనివారం.

చిరంజీవి బిద్దప్పకి,

అక్క దేచమ్మ దీవెనలు. ఇక్కడ అప్పయ్య, నేను, కుక్కలు రెండూ ఇగ్గుతప్ప స్వామి చల్లని చూపు కింద బాగున్నాం. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట రాస్తాను, నువ్వూ చదవకుండానే దాటేస్తావు. ఈసారి దాటెయ్యకు. ఈసారి అది నిజం.

నీ ఉత్తరం పదకొండు రోజులకి చేరింది. అక్కడ అప్పుడే మంచు మొదలైందని రాశావు. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు అల్లాను, దీనితోపాటే పంపుతున్నాను. పంది కూరలోకి కాచంపులి సీసా కూడా పెట్టేదాన్నే. పోయినసారి దారిలో పగిలి నీ బట్టలన్నీ పులుపెక్కాయని నీ భార్య చెప్పింది. అది నువ్వు సెలవుకి వచ్చినప్పుడు తీసుకుపో.

నువ్వు నాలుగు ప్రశ్నలడిగావు. జీపు అమ్మేశారా? ఎనభై ఏళ్ళ మనిషికి మళ్ళీ కారెందుకు, ఎవరినైనా డ్రైవరుగా పెట్టుకోలేకపోయారా? ఆయన కళ్ళు బాగున్నాయా? నాలుగోది, అప్పయ్య జారిపడడానికి మే నెలలో మన గేటు దగ్గర నాచెక్కడిది అని. వరసగా చెబుతాను. ఫోనులో ఇవి కుదరవు. నువ్వు మాట్లాడేటప్పుడు అప్పయ్య నా పక్కనే కూర్చుని చెవి ఒగ్గుతాడు.

జీపు అమ్మలేదు. షెడ్డులోనే ఉంది. వెనక సీటులో నల్లకోడి పొదిగింది, తొమ్మిది పిల్లలు. మొయిదు వచ్చి చూసి, "ఇన్నాళ్ళకి ఈ బండి ఒక ఆడదాన్ని సుఖంగా కూర్చోబెట్టింది అక్కా" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ జీపుని రిపేరు చేస్తున్నవాడు, ఆ మాత్రం అనే హక్కు వాడికుంది.

అది అమ్మగలమా చెప్పు. నువ్వు పుట్టింది అందులో. నాకు పదకొండేళ్ళు. జూన్ వాన. అమ్మకి నొప్పులొస్తే విరాజపేట ఆసుపత్రికి బయలుదేరాం. దారికడ్డంగా మత్తిచెట్టు కూలి ఉంది. అప్పయ్య దిగి కత్తితో కొమ్మలు నరుకుతున్నాడు, నేను లాంతరు పట్టుకున్నాను. వెనక నుంచి అమ్మ, "మీరు నరికింది చాలు, ఇటు రండి" అన్నది, వంటింట్లోంచి అన్నానికి పిలిచినట్టు. వచ్చేసరికి నువ్వు ఏడుస్తున్నావు. మగబిడ్డ పుడితే తుపాకి పేల్చాలి కదా. అప్పయ్య ఆ వానలోనే సీటు కింది తుపాకి తీసి ఆకాశంలోకి కాల్చాడు. ఏనుగులు దిగాయనుకుని కూడలిలో అంగళ్ళు మూసేశారట. పద్దెనిమిదేళ్ళకి నిన్ను పట్టాళానికి పంపిన రోజు రైలు దాకా తీసుకెళ్ళింది కూడా ఆ జీపే. అమ్మని చివరిసారి ఇంటికి తెచ్చిందీ అదే.

కానీ తమ్ముడూ, అది ఎత్తు. మే నెలలో పడ్డాక అప్పయ్య ఎడమ మోకాలు ఒక హద్దు దాటి వంగదు. మడికేరి డాక్టరు, "నడపవచ్చు, ఎక్కడం దిగడమే కుదరదు" అన్నాడు. కళ్ళు మైసూరులో చూపించాను, రెండూ బాగున్నాయి, కాగితం దాచాను. పగటిపూట, అమ్మత్తి కూడలి దాకా, నాలుగు మైళ్ళు. అంతకు మించి వద్దన్నారు. సరేనన్నాం.

డ్రైవరు సంగతి నేను అనకపోలేదు. అప్పయ్య నా వంక చూడకుండా, "నన్ను చెయ్యి పట్టి ఎక్కించే బండి ఒక్కటే, కాటికి మోసుకుపోయేది. దానికింకా టైముంది" అన్నాడు. ఆ తరువాత రెండు నెలలు వాకిలి దాటలేదు. శనివారం వచ్చేది, పోయేది. కూడలిలో పట్టాళం పింఛనుదారుల కాఫీ అంగడిలో ఆయన కుర్చీ ఖాళీగా ఉందని కబురు పంపారు. "ఎవరినైనా కూర్చోమను" అన్నాడు. తినడం తగ్గింది. పంది కూర వండిన రోజు కూడా రెండే రెండు కడంబుట్టు ఉండలు తిని లేచాడు. పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చుని ఉండగా ఒకరోజు చూశాను. ఆయన తనంతట తాను ఎక్కి దిగే బండి దొరక్కపోతే, తమ్ముడూ, ఆ వసారాలోనే ఆయన అయిపోతాడని నాకు తెలిసిపోయింది.

మొయిదుకి చెప్పాను. వాడు ఏ బండి, ఎంతలో అని అడగలేదు. "అయ్య ఎవరి చెయ్యీ పట్టకుండా లేచే కుర్చీ ఏదక్కా?" అన్నాడు. వసారాలో పేము కుర్చీ చూపించాను. కాఫీ కట్టె ఒకటి కోసి, నేల మీంచి సీటు దాకా కొలిచి, సరిగ్గా అంతకి నరికాడు. ఆ కట్టె పట్టుకుని ఇద్దరం ఊళ్ళు తిరిగాం. కారు తలుపు తీసి, కట్టె నిలబెట్టి, సీటు పక్కన చూసేవాడు. ఇంజను తరువాత చూసేవాడు. గోణికొప్పలో ఒక డాక్టరు కారు తెల్లగా, పెళ్ళికొడుకులా ఉంది. కట్టె సీటు కన్నా నాలుగు వేళ్ళు పైకి నిలిచింది. "కూర్చోవడానికి ఒకరు, లేవడానికి ముగ్గురు కావాలి" అన్నాడు మొయిదు. సిద్ధాపురంలో ఒక ఎస్టేటు వాళ్ళ బండి చూస్తే కట్టె సీటుకి అందనే లేదు. "దీనికి నిచ్చెన కూడా ఇస్తారా?" అని అడిగాడు. వాళ్ళకి కోపం వచ్చింది. మేం కట్టె తీసుకుని వచ్చేశాం.

పాలిబెట్టలో కామవ్వ టీచరుని నువ్వెరగవు. హెడ్మిస్ట్రెస్‌గా చేసి దిగింది, డెబ్బై రెండేళ్ళు, భర్త పోయి చాలా కాలమైంది. చూపు తగ్గి, మైసూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ కారు అమ్ముతోంది. చిన్నది. నీలం. కట్టె పెడితే సీటు దానితో సమానంగా నిలిచింది. తలుపు ఇంటి తలుపులా బార్లా తెరుచుకుంటుంది. వీపు పెట్టి కూర్చుని, తరువాత కాళ్ళు రెండూ లోపలికి తిప్పుకోవచ్చు. గేరు మార్చే పని లేదు, కాబట్టి ఎడమ కాలికి పనే లేదు. మొయిదు కింద దూరి, పైన దూరి, గంటసేపు చూసి బయటికి వచ్చి, "అక్కా, ఈ బండిని ఈవిడ పిల్లల్ని కొట్టినట్టు కొట్టలేదు" అన్నాడు. టీచరమ్మ విని, "నేను పిల్లల్నీ కొట్టలేదు, నీలాంటివాళ్ళని తప్ప" అన్నది.

ఒకటే చిక్కు. అది కక్కడ నెల, పద్దెనిమిదో రోజు. ఆ రోజు తప్పక తినే మద్దాకు పాయసంతో నోరు ఇంకా ఊదాగానే ఉంది. ఆ నెలలో కొత్త చీపురు కూడా ఇంట్లోకి రానివ్వని మీ అక్క, కారు కొనడానికి బయలుదేరింది. నెల దాటాక తీసుకుంటానన్నాను. ఆ ఆదివారమే ఆమె ప్రయాణం, వేరేవాళ్ళు కూడా అడుగుతున్నారు. "మీ నాన్నగారిని ముందు కూర్చోనివ్వండి, తరువాత మాట్లాడదాం" అని, మర్నాడు వానలో తనే నడుపుకుంటూ మన వాకిట్లోకి వచ్చింది.

అప్పయ్య వసారాలో మొహం తిప్పుకున్నాడు.

"సుబేదారు గారూ, ఒకసారి లోపల కూర్చుని చూడండి. కరవదు."

"ఆడవాళ్ళ బండి."

"అవును. మగవాళ్ళ బండి మిమ్మల్ని ఏం చేసిందో చూస్తూనే ఉన్నాను."

"కక్కడలో మేం కొత్తవి ముట్టుకోం."

"కొత్తదెక్కడ? పదకొండేళ్ళు నాతో కాపురం చేసింది."

"మీకు పాతది. మా వాకిటికి కొత్తదే కదా. విధవరాలు మారుమనువు చేసుకుని వస్తే, ఆ ఇంటికి కొత్తకోడలు కాదా?"

టీచరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇది కారు సంగతేనా సుబేదారు గారూ, నన్నేమైనా అడుగుతున్నారా?" అన్నది.

అప్పయ్య చెవులు ఎర్రబడ్డాయి. తరువాత నవ్వాడు. మే తరువాత అదే మొదటిసారి. అయినా కార్లో కూర్చోలేదు. "కైల్‌పొళుదు పండగ దాకా దాన్ని ముట్టను. తీసుకోవడం మానడం నీ ఇష్టం" అని నాతో అని లోపలికి పోయాడు.

నేను తీసుకున్నాను. ఆ రోజే. కక్కడలోనే. టీచరమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టి, స్టీరింగు మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, మొయిదు వెంట వెళ్ళిపోయింది. ఆ రాత్రి భోజనం దగ్గర అప్పయ్య, "నువ్వా!" అని మాత్రం అన్నాడు. ఆ ఒక్క మాటకి నా దగ్గర జవాబుంది, కానీ చెప్పలేదు.

నెల రోజులు ఆ కారు జీపు పక్కన దుప్పటి కప్పుకుని ఉంది. ఒక మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. అప్పయ్య అటూ ఇటూ చూసి దుప్పటి ఎత్తాడు. తలుపు తీశాడు. కారుకి వీపు పెట్టి, మెల్లగా కూర్చున్నాడు. కుడికాలు లోపలికి తీసుకుని, ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టుకున్నాడు. స్టీరింగు పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. పక్క సీటుతో మాట్లాడుతున్నట్టే ఉంది. జీపులో అమ్మ ఎప్పుడూ ఆ పక్కనే కూర్చుని, "మలుపు, మలుపు" అనేది గుర్తుందా? తరువాత తనే దిగాడు. ఎవరి చెయ్యీ లేదు. దుప్పటి మళ్ళీ కప్పి, అంచులు సరిచేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కాఫీ అడిగాడు. నేనూ ఏమీ ఎరగనట్టే ఇచ్చాను.

ఇక నాలుగోది. నువ్వు పట్టాళం మనిషివి, లెక్క తప్పవు. మే నెలలో నాచు ఉండదు. నేను నీకు అబద్ధం రాశాను.

ఆ సాయంత్రం అప్పయ్య కూడలి నుంచి తిరిగి వచ్చి గేటు దగ్గర హారను కొట్టాడు. ఎప్పుడూ కొట్టేదే. నేను తూగుదీపం వెలిగించి పూజలో ఉన్నాను. ముప్పై ఏళ్ళుగా పూజ మధ్యలో లేవలేదు, ఆ రోజూ లేవలేదు. మళ్ళీ కొట్టాడు. తరువాత పొడుగ్గా కొట్టాడు. ఈ మనిషికి తాళిమి లేదు అని మనసులో విసుక్కున్నాను కూడా. హారను ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. తీరిగ్గా హారతి ఇచ్చి, గంట వాయించి, కళ్ళకద్దుకుని బయటికి వచ్చాను. తొలకరి వాన పడుతోంది. గేటు దగ్గర అప్పయ్య నేలమీద ఉన్నాడు. జీపు ఇంజను ఇంకా ఆడుతోంది. మోకాలు పట్టేసి దిగలేక పిలిచాడట. ఎవరూ రాకపోతే తనే దిగబోయాడు.

డాక్టరుతో "నాచు మీద జారాను" అన్నది అప్పయ్యే. నేను పక్కన నిలబడి నోరు మూసుకున్నాను. నీకూ అదే రాశాను. ఇల్లు అలికినంత నిష్ఠగా నియమాలు పాటించిన దాన్ని, బిద్దప్పా. ఆ నియమమే ఆయన్ని వానలో పడేసింది. అందుకే కక్కడ అని తెలిసీ తాళంచెవి పుచ్చుకున్నాను. దోషం ఉంటే నాకే తగలనీ అనుకున్నాను.

కైల్‌పొళుదు నాడు తుపాకులు, కత్తులు కడిగి దీపం ముందు పెట్టి తోకుపువ్వులు పెట్టాం. కారుకి కూడా ఒక మాల. అప్పయ్య తుపాకులకి గంధం పెట్టి, బయటికి వచ్చి కారు స్టీరింగుకి కూడా పెట్టాడు. నేను ఆయన కాళ్ళకి మూడుసార్లు మొక్కాలి కదా. మూడోసారి వంగి లేవలేకపోయాను. అక్కడే అంతా చెప్పాను.

"తెలుసు" అన్నాడు. "నీ గంట గేటు దాకా వినపడుతూనే ఉంది. పూజలో ఉన్నావు, ఆగుదామనే అనుకున్నాను. ఆగలేకపోయాను. నా తాళిమిలేనితనానికి నువ్వెందుకే ఏడుస్తావు? లే, చీర మట్టవుతుంది."

అంతే. తరువాత ఆ సంగతి ఎత్తలేదు. నువ్వు నన్ను ఏమన్నా అనాలనుకుంటే అను. అనకపోతేనే బాధ.

పోయిన శనివారం మొదటిసారి ఒక్కడే వెళ్ళాడు. నేను వస్తానంటే, "కాఫీ అంగడికి కూతుర్ని వెంటేసుకుపోతే నవ్వుతారు" అన్నాడు. తిరిగి వచ్చాక రెండు పళ్ళాల అన్నం తిన్నాడు. అంగడిలో వాళ్ళు ఆడవాళ్ళ బండి అన్నారట. "ఎక్కి చూడండి, దిగబుద్ధి కాదు" అన్నానని చెప్పాడు.

ఈరోజూ వెళ్ళాడు. ఐదున్నర దాటింది. దీపానికి నూనె పోసి ఒత్తి వేసి ఉంచాను, వెలిగించలేదు. శనివారాలు ఆయన వచ్చాకే వెలిగిస్తున్నాను. ఇగ్గుతప్పకి చెప్పుకున్నాను, స్వామి ఏమీ అనలేదు. ఈ ఉత్తరం గేటు పక్క రాతిమీద కూర్చుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా వంకరగా ఉన్నాయి.

నీలం కారు కాఫీ చెట్ల మధ్య కనపడుతోంది. గేటు తియ్యాలి. ఉంటాను.

ఇట్లు,
గేటు దగ్గర నుంచి
నీ అక్క దేచమ్మ