జవాబులన్నీ ఫోన్లోనే

మేడ్చల్, మంగళవారం రాత్రి

మా మిద్దెతోటల ఫోరం చచ్చిపోతోందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ప్రశ్నలు వస్తున్నాయి, కింద జవాబే ఉండదు. చూసిన కొత్తవాళ్లు మళ్లీ రారు. అత్వెల్లిలో ఉండే లావణ్య తన మిరప మొక్కకు ఆకుముడత వచ్చిందని ఫొటో పెట్టి వారమైంది. అడ్మిన్‌ని కదా, సిగ్గేసి ఈ రోజు ఫోన్ చేశాను.

"అయ్యో అక్కా, సరోజాంటీ గప్పుడే ఫోన్ జేసి చెప్పింది. మొక్క మంచిగైంది," అంది.

సరోజాంటీ కూడా మా ఫోరం సభ్యురాలే, యాప్రాల్‌లో ఉంటుంది. వెంటనే ఆవిడకి చేశాను. అందరికీ ఆవిడే ఫోన్లో చెబుతోందట.

"గా ముచ్చట ఫోరంల రాస్తే ఇంకొకరికి గూడ పనికొస్తది గదా ఆంటీ?"

"రాసిన గద బిడ్డా. మీ ప్రభాకర్ సార్ ఏమన్నడు? వంటింటి వైద్యాలు ఈడ వద్దన్నడు. అందరు నవ్విండ్రు. ఫోన్ల ఎవరు నవ్వుతరు?"

ఫోరం పెట్టిందే ప్రభాకర్ సార్. పాస్‌వర్డులన్నీ ఆయన దగ్గరే, నాకు పోస్టులు తీసే, పైకి తెచ్చే అధికారం మాత్రమే ఉంది. కోపమొస్తే మొత్తం మూసేయగలరు, మేమంతా ఇన్నేళ్లుగా రాసినదంతా పోతుంది. అయినా సాయంత్రం వెతికి ఆయన వెక్కిరింపు తీసేశాను. ఆంటీ సలహాను పైకి తెచ్చి, ఎందుకు తీశానో కింద నా పేరుతోనే రాశాను.

ఇప్పుడు ఆయన నుంచి ఫోన్ వస్తోంది. ఏం చెప్పాలో నాకు తెలుసు. పెన్ను పక్కన పెట్టి ఫోన్ ఎత్తుతున్నాను.