పేర్లన్నింటికీ గారు

2008 జూన్ 9, సోమవారం
రాజమండ్రి ఆఫీసులో పొద్దున్నుంచీ ఒకటే పని. ఒక్కో షాపు సైటుకీ ఒక్కో సెట్టింగ్స్ ఫైలు. తెరువు, ఫోన్ నంబరు మార్చు, మూసెయ్. ఎక్కడో ఒక కామా ఎగిరిపోయింది... తణుకు చీరల షాపు సైటు తెల్లకాగితం. మా బాసు మూర్తిగారు వచ్చి ఆ కామా తనే పెట్టి వెళ్లారు. అదే భయం.

జూన్ 10
నోరు ఊరుకోదు కదా. ఫైళ్లను తనే చదివి, మార్చి, తిరిగి రాసే ప్రోగ్రాం చేస్తానన్నాను. డేటా ఎంట్రీకి చేరినదాన్ని! మూర్తిగారు కళ్లజోడు తీసి చూశారు. శనివారానికి పనిచేస్తే షాపులన్నీ నా చేతికి. లేదంటే హైదరాబాదు కంపెనీకి.

జూన్ 12
నడిచింది. అన్ని ఫైళ్లలో కొత్త నంబర్లు, ఒకేసారి. కుర్చీలో గిర్రున తిరిగాను. ఎవరూ చూడలేదు.

జూన్ 13
నరసాపురం లేసు సంఘం ప్రెసిడెంటు సుబ్బాయమ్మగారి ఫోను. సైట్లో ఆవిడ పేరు చివర గారు లేదట. "ఊరంతా గారు అంటారండి, మీ కంప్యూటరు అనదేంటి?"
నిజమే. మిగతా ఓనర్లు మాత్రం ఊరుకుంటారా? ఫైల్లో నేమ్ అని ఉన్న ప్రతిచోటా గారు చేర్చమన్నాను.
సైట్లన్నీ పడిపోయాయి.

అదే రోజు, సాయంత్రం
దొరికింది. నా ప్రోగ్రాం, సైట్ల సమాచారం దాచే డేటాబేసు పేరుకి కూడా గారు తగిలించింది, మహాతల్లి. అలాంటి పెద్దమనిషి ఇక్కడెవరూ లేరంది సర్వరు. కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. ఇక గారు ఓనర్లకే. రాసే ముందు పాత ఫైలుకి కాపీ తీయడం కూడా దానికి నేర్పాను. సైట్లు లేచాయి. మూర్తిగారికి చెబితే ఆయనా నవ్వారు. హైదరాబాదు మాట మాత్రం ఎత్తలేదు.

జూన్ 14, శనివారం
సైటు చూపించడానికి మూర్తిగారు నరసాపురం వెళ్లారు. మధ్యాహ్నం అక్కడినుంచే ఫోను. లేసు అల్లే ఆడవాళ్లంతా కంప్యూటరు చుట్టూ మూగారట. ఎవరు అల్లినదాని కింద వాళ్ల పేరు ఉండాలట, ప్రెసిడెంటుగారిది ఒక్కటే ఉంటే ఎలా అని. సాయంత్రానికి అవుతుందా అని మూర్తిగారు అడిగారు. షాపులు నాకా, హైదరాబాదుకా అన్నది అది చూశాకే చెబుతారట.
ఫైల్లో పేరుకి నేను ఉంచింది ఒకటే చోటు...
కుదరదనబోయాను. ఇంతలో లేసు అల్లే ఒకావిడ ఫోను అందుకున్నారు. "మా అత్తగారి పేరు కూడా వెయ్యండమ్మా. చూపు పోయింది గానీ, మాకందరికీ నేర్పింది ఆవిడే."
వేస్తానండి అన్నాను. ఎలాగో తెలీదు. ఇంత సంతోషం ఎందుకో కూడా తెలీదు. ఆవిడ పేరు అడిగి ముందు అదే టైపు చేశాను.
నరసాపురం నుంచి మళ్లీ ఫోను. మూర్తిగారి బస్సు బయల్దేరిందట.